తాడు తెగిందా, తెంచారా? ఓడ లంగరు పోతే బిల్లు మీకెందుకు వస్తుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. చాలా ఏళ్లు న్యూజెర్సీలో ఉండి, ఇప్పుడు పిల్లలతో హైదరాబాద్ వచ్చేస్తోంది. సోఫా, పుస్తకాలు, పిల్లల సైకిళ్లు, వాషింగ్ మెషీన్ అన్నీ కంటెయినర్‌లో వేసి ఓడ మీద పంపిస్తోంది. సామాను పంపించేవాళ్లు ఇచ్చిన ఫారం ఫోటో తీసి నాకు పెట్టింది. కింద ఇలా రాసింది: "ఒరేయ్, ఇందులో జనరల్ యావరేజ్‌కి ఇన్సూరెన్స్ కావాలా వద్దా అని టిక్ పెట్టమంటున్నారు. యావరేజ్ అంటే సగటు కదరా? నా సోఫాకి సగటేంటి?"

నేను బీటెక్ చదివాను, కొన్నేళ్లు కోడ్ రాసి బతికాను. యావరేజ్ అంటే నాకూ సగటే. "ఏదో ఫార్మాలిటీ అయ్యుంటుంది అక్కా, వద్దు అని పెట్టెయ్" అని టైప్ చేశాను. సెండ్ నొక్కబోయి, ఒకసారి చూద్దాంలే అని చదవడం మొదలుపెట్టాను. రాత్రి రెండయింది. ఆ మెసేజ్ డిలీట్ చేసేశాను. ఎందుకు చేశానో చెప్పడానికే ఈ వీడియో.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. ఒక ఓడ రేవు బయట లంగరు వేసుకుని నిలబడి ఉంది. లంగరు అంటే యాంకర్, టీవీలో మాట్లాడే యాంకర్ కాదు. పెద్ద ఓడలకి అది ఒక్కటే పది టన్నులు దాటొచ్చు. దానికి కట్టిన గొలుసు వందల మీటర్లుంటుంది. రాత్రి తుఫాను లేచింది. ఓడ లంగరుని ఈడ్చుకుంటూ రాళ్ల వైపు జరుగుతోంది. లంగరు పైకి లాగి ఇంజన్ మీద బయటపడాలంటే టైమ్ లేదు. లాగే లోపు రాళ్ల మీద ఉంటారు. అప్పుడు కెప్టెన్ ఒక మాట అంటాడు: "గొలుసు వదిలేయండి." లంగరు, గొలుసు రెండూ సముద్రంలో పోయాయి. ఓడ బయటపడింది. అందులో ఉన్న మా అక్క సోఫా కూడా బయటపడింది.

ఇప్పుడు ప్రశ్న. కొత్త లంగరు, కొత్త గొలుసు ఎవరు కొనాలి?

ఓడ యజమాని అంటాడు: "నేను వదిలేసింది నా ఒక్కడి కోసం కాదు కదా. మీ సరుకు కూడా దాని వల్లే మిగిలింది. అందరూ తలా కొంత వేసుకోండి." సరుకు యజమాని అంటాడు: "నేను కిరాయి కట్టాను. లంగరు నీది, ఓడ నీది, నీ సామాను పోతే నాకేంటి?"

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే ఉంది కదా? అందుకే ఈ గొడవ రెండు వేల ఏళ్లుగా కోర్టుల్లో నడుస్తోంది. దీని పేరే జనరల్ యావరేజ్. ఇక్కడ యావరేజ్ అంటే సగటు కాదు, నష్టం. జనరల్ అంటే అందరిదీ. అందరూ కలిసి మోయాల్సిన నష్టం అన్నమాట. ఏ ఒక్కడిదో అయిన నష్టాన్ని పర్టిక్యులర్ యావరేజ్ అంటారు. అది ఎవడిది వాడే మోయాలి.

రోమన్ల కాలానికి వెళ్దాం. 533లో జస్టీనియన్ చక్రవర్తి పాత న్యాయవేత్తల మాటలన్నీ ఒకచోట చేర్పించి డైజెస్ట్ అనే సంకలనం తెచ్చాడు. అందులో 14వ పుస్తకంలో ఒక చిన్న అధ్యాయం ఉంది, రోడ్స్ ద్వీపం వాళ్ల సముద్ర చట్టం మీద. మూల సూత్రం సింపుల్. ఓడ తేలిక పడటానికి ఒకడి సరుకు సముద్రంలో పారేస్తే, అందరి కోసం పోయినదాన్ని అందరూ కలిసి పూడ్చాలి.

మరి ఓడ సామాను పోతే? పౌలస్ అనే న్యాయవేత్త దీనికి ఇచ్చిన పోలిక నాకు భలే నచ్చింది. కమ్మరి దగ్గర పని చేయించుకుంటున్నారు. పని మధ్యలో అతని సుత్తి విరిగింది. ఆ సుత్తి డబ్బులు మీ దగ్గర వసూలు చేస్తాడా? చేయడు. మన భాషలో చెప్పాలంటే, ఆటోలో వెళ్తుంటే టైరు పంచరైంది, ఆ పంచరు డబ్బులు మీరివ్వరు. అది అతని పనిలో అయ్యే అరుగుదల. ఓడ తాళ్లూ తెరచాపలూ అంతే. కానీ, అని పౌలస్ ఇంకో మాట చేర్చాడు. ప్రమాదానికి భయపడి కావాలనే ఆ నష్టం చేసి ఉంటే మాత్రం, దాన్ని అందరూ పూడ్చాలి.

అదే అధ్యాయంలో ఇంకో కేసుంది. ఒక ఓడ తుఫానులో చిక్కింది. పిడుగు పడి తాళ్లు, స్తంభం కాలిపోయాయి. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే రేవుకి చేరి, హడావుడిగా దొరికిన సామాను బిగించుకుని, రోమ్ దగ్గరున్న ఓస్టియాకి సరుకు క్షేమంగా చేర్చింది. సరుకు యజమానులు ఆ ఖర్చులో వాటా ఇవ్వాలా? జూలియానస్ అనే న్యాయవేత్త చెప్పిన జవాబు, అక్కర్లేదు. స్తంభాన్ని ఎవరూ నరకలేదు, అది పిడుగుకి కాలింది. ఖర్చు పెట్టింది ఓడని మళ్లీ ఓడలా చేసుకోడానికి, సరుకుని కాపాడటానికి కాదు.

గమనించారా? మన తెలుగులో ఈ తేడా మొత్తం ఒక్క క్రియలోనే ఉంది. తాడు తెగింది. తాడు తెంచారు. తెగితే ఓడ యజమాని ఖర్చు. అందరి కోసం తెంచితే అందరి ఖర్చు. ఇంగ్లిష్ చట్టం దీన్ని చెప్పడానికి పేరాలు పేరాలు రాసింది, మన అమ్మమ్మలైతే "తెగిందా, తెంచావా?" అని ఒక్క ముక్కలో అడిగేసేవాళ్లు. పిల్లలు బొమ్మ విరగ్గొట్టినప్పుడు అడిగే ప్రశ్న ఇదే కదా!

ఇప్పుడు ఇంగ్లండ్. 1801, కింగ్స్ బెంచ్ కోర్టు. కేసు పేరు బిర్క్‌లీ వర్సెస్ ప్రెస్‌గ్రేవ్. ధాన్యం వేసుకొచ్చిన ఒక ఓడ సండర్లాండ్ రేవు దగ్గర గాలివానలో చిక్కుకుంది. ఓడని నిలబెట్టడానికి లంగరు మోకు నరికించి, ఆ మోకునీ మిగతా తాళ్లనీ మామూలుగా వాడని పనికి వాడాల్సి వచ్చింది. అవి దెబ్బతిన్నాయి. ఓడ, ధాన్యం మిగిలాయి. ఓడ యజమానులు ధాన్యం యజమాని మీద వాటా కోసం దావా వేశారు.

ఇక్కడ చిక్కు ఏంటంటే, తాడు ఉన్నదే ఓడని కట్టడానికి. లంగరు మోకు ఉన్నదే ఓడని ఆపడానికి. అది తన డ్యూటీ తను చేస్తూ అరిగితే కమ్మరి సుత్తి లాంటిదే. మరి ఇక్కడ జరిగింది డ్యూటీయా, త్యాగమా? కోర్టు త్యాగమే అంది. ఆ వస్తువుని దాని మామూలు పనికి కాకుండా, ఆపదలో, అందరి కోసం, అసాధారణంగా వాడారు కాబట్టి. ఓడనీ సరుకునీ కాపాడటానికి చేసిన అసాధారణ త్యాగాల వల్ల, ఖర్చుల వల్ల వచ్చే నష్టాన్ని, అందులో ఆస్తి ఉన్న అందరూ దామాషాలో భరించాలని జడ్జి లారెన్స్ చెప్పిన నిర్వచనం ఈ రోజుకీ లా పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆ వాటా కోసం మామూలు కోర్టులోనే నేరుగా దావా వేయొచ్చని కూడా ఆ కేసుతో తేలింది.

తర్వాత ప్రపంచమంతా ఒకే రూలు కావాలని 1864లో యార్క్‌లో, 1877లో ఆంట్వెర్ప్‌లో కూర్చుని నియమాలు రాసుకున్నారు. ఇప్పటికీ వాటి పేరు యార్క్-ఆంట్వెర్ప్ రూల్స్. మధ్యమధ్యలో అప్‌డేట్ చేస్తుంటారు, ఈమధ్య వెర్షన్ 2016ది. అవును, చట్టాలకీ వెర్షన్ నంబర్లుంటాయి.

ఆ రూల్స్ ప్రకారం లంగరు కేసుల్ని నాలుగు రకాలుగా చూద్దాం. ఇది ముఖ్యం, స్కిప్ చేయకండి.

ఒకటి. గాలికి గొలుసు దానంతట అదే తెగింది. 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ విశాఖలో తెన్నేటి పార్క్ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, గుర్తుందా? సగం వైజాగ్ వెళ్లి సెల్ఫీలు దిగింది. లంగరు నిలవకపోతే ఎంత పెద్ద ఓడైనా కాగితప్పడవే అని ఆ ఫోటోలు చూస్తే తెలుస్తుంది. గొలుసు గాలికే తెగిపోతే, అందులో ఎవరూ తీసుకున్న నిర్ణయం లేదు. కాబట్టి అది అందరి నష్టం కాదు, ఓడ యజమానిదే.

రెండు. ఆపదలో కావాలనే గొలుసు వదిలేశారు. ఇందాక మనం ఊహించుకున్న సీన్. ఇది త్యాగం, అందరి వాటా. గొలుసు 27.5 మీటర్ల ముక్కలుగా ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య విప్పగలిగే లింకులుంటాయి. టైమ్ ఉంటే దానికో తేలే బోయా కట్టి మరీ వదులుతారు, తర్వాత వచ్చి వెతుక్కోడానికి. టైమ్ లేకపోతే అదీ లేదు. ఇంకో విషయం, పాత సామాను పోయి కొత్తది కొంటే ఓడ వాడికి లాభం కదా అని, 15 ఏళ్లు దాటిన ఓడలకి రిపేరులో వేసే కొత్త సామాను ఖర్చులో మూడో వంతు కోస్తారు. లంగరుకీ గొలుసుకీ మాత్రం ఆ కోత లేదు, పూర్తి ఖర్చు ఇస్తారు.

మూడు. స్తంభం ముందే విరిగి తాళ్లతో వేలాడుతోంది, ఆ తాళ్లు కోసి వదిలించుకున్నారు. కోసింది కావాలనే, కానీ పోయింది ముందే. అప్పటికే పోయినదాన్ని త్యాగం చేశానంటే కుదరదు. దీనికి ప్రత్యేకంగా నాలుగో నంబర్ రూలే ఉంది.

నాలుగు. ఆపదేమీ లేదు, షెడ్యూల్ లేటవుతోందని లంగరు లాగకుండా వదిలేసి వెళ్లిపోయారు. అది త్యాగం కాదు, తొందర. సొంత ఖర్చే.

అంటే కోర్టు అడిగేవి ఇవి: ఆపద నిజమేనా? కావాలనే చేశారా? చేసింది అసాధారణమైనదేనా, సబబైనదేనా? అందరి క్షేమం కోసమేనా? అన్నిటికీ అవును అయితేనే బిల్లు పంచుతారు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రిపూట సర్వర్లు పడిపోతే లేచేవాళ్లం. పొద్దున్నే మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: అది క్రాష్ అయిందా, మీరు ఆపారా? ఆపితే ఎన్ని గంటలకి, ఎందుకు? లాగ్ చూపించు. ఓడలో కూడా లాగ్‌బుక్ ఉంటుంది. లాగ్ అనే మాట మనకి వచ్చిందే ఓడల నుంచి. "02:10, లంగరు జరుగుతోంది, రాళ్లు దగ్గర, గొలుసు వదలమని చెప్పాను" అని ఆ రాత్రి రాసిన ఒక్క లైను, ఏళ్ల తర్వాత కోర్టులో కోట్ల రూపాయలు అటా ఇటా అని తేలుస్తుంది.

ఇప్పుడు లెక్క. ఇది నేను కల్పించిన ఉదాహరణ, రౌండ్ నంబర్లు. ఓడ విలువ 60 కోట్లు, సరుకంతా కలిపి 40 కోట్లు. మొత్తం 100 కోట్లు మిగిలింది. పోయిన లంగరు, గొలుసు కోటి రూపాయలు. అంటే ఒక శాతం. ఓడ యజమాని తన వాటా 60 లక్షలు తనే భరిస్తాడు, సరుకువాళ్లు 40 లక్షలు. ఎవరో 50 లక్షల ఫోన్లు పంపిస్తుంటే 50 వేలు కడతారు. మా అక్క సామాను 10 లక్షలైతే 10 వేలు. పోగొట్టుకున్నవాడికి పూర్తిగా తిరిగి రాదు, మిగిలినవాడు పూర్తిగా తప్పించుకోడు. ఎవడి ఆస్తి ఎంత మిగిలిందో అంత వాటా.

"పదివేలే కదా, కట్టేస్తే పోలా?" అనుకుంటున్నారా? లంగరు ఒక్కటే అయితే సరే. కానీ ఇదే సూత్రం పెద్ద ప్రమాదాలకీ వర్తిస్తుంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డం పడ్డ ఎవర్ గివెన్ గుర్తుంది కదా, మీమ్స్ అన్నీ షేర్ చేశాం. దాని యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. 2024లో అమెరికాలో బాల్టిమోర్ వంతెనని ఢీకొట్టిన డాలీ, సిబ్బందిలో దాదాపు అందరూ మన భారతీయులే, ఆ ఓడకీ ప్రకటించారు. 2018 మార్చిలో అరేబియా సముద్రంలో మేర్‌స్క్ హోనమ్ ఓడలో మంటలు లేచాయి, ఐదుగురు సిబ్బంది చనిపోయారు. అక్కడ సరుకువాళ్లని అడిగిన పూచీ ఎంతో తెలుసా? ఓడని కాపాడినవాళ్లకి ఇచ్చే సాల్వేజ్ కింద సరుకు విలువలో 42.5 శాతం, జనరల్ యావరేజ్ కింద 11.5 శాతం. మొత్తం 54 శాతం! అది చివరి బిల్లు కాదు, పూచీ. కానీ ఆ పూచీ ఇస్తేనే మీ కంటెయినర్ మీ చేతికొస్తుంది. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ గ్యారంటీ రాసిస్తుంది. లేకపోతే నగదు కట్టాలి. చివరి లెక్క తేలేసరికి ఏళ్లు పట్టొచ్చు.

ఒకసారి ఆలోచించండి. మీ సామాను చెక్కుచెదరలేదు. మీ తప్పేమీ లేదు. అయినా సగానికి పైగా విలువకి పూచీ పెట్టమంటున్నారు. చిన్న వ్యాపారం చేసుకునేవాడికి అది దెబ్బే.

మరి ఎదురు చెప్పే దారి లేదా? ఉంది. కెప్టెన్ గొలుసు వదలడం కరెక్టే కావచ్చు, కానీ అసలు ఆ ఆపదలోకి ఓడని తెచ్చింది ఎవరు? 2011లో సీఎంఏ సీజీఎం లిబ్రా అనే ఓడ చైనాలో షియామెన్ రేవు నుంచి వెళ్తూ నేల తట్టింది. చార్టులో చూపించిన దానికన్నా అక్కడ లోతు తక్కువ అని ముందే హెచ్చరిక వచ్చింది. దాన్ని ప్రయాణ ప్లాన్‌లో, చార్టు మీద రాసుకోలేదు. ఓడ యజమాని వాటాలు అడిగితే చాలామంది కట్టేశారు. కొంతమంది సరుకు యజమానులు మాత్రం కట్టం అన్నారు. కేసు పైకి వెళ్లి వెళ్లి 2021 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీం కోర్టుకి చేరింది. తప్పుడు ప్లాన్‌తో బయల్దేరిన ఓడ ప్రయాణానికి తగిన ఓడే కాదని కోర్టు చెప్పింది. కట్టం అన్నవాళ్లే గెలిచారు.

లంగరుకీ అదే వర్తిస్తుంది. తుప్పు పట్టిన గొలుసుతో బయల్దేరి, గాలి వచ్చాక అది తెగితే, ఆ తర్వాత చేసిన త్యాగాల బిల్లు పట్టుకుని వస్తే, సరుకువాడు అడగాల్సిన ప్రశ్న, "ఆ గొలుసు ఆఖరిసారి ఎప్పుడు చెక్ చేశారు?"

మన దేశంలో సంగతి కూడా చెప్పేస్తాను. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో జనరల్ యావరేజ్ ఉంది. 2017 అడ్మిరాల్టీ చట్టంలో దీని కోసం కోర్టుకెళ్లొచ్చని ఉంది. అంతకుముందు మన హైకోర్టుకి విదేశీ ఓడల్ని ఆపే అధికారం ఉందా లేదా అన్న డౌట్ ఉండేది. అది తేలింది కూడా మన వైజాగ్ నుంచే. గోవా నుంచి సరుకు తీసుకెళ్లిన ఎంవీ ఎలిజబెత్ అనే ఓడ 1984లో విశాఖ రేవుకి వచ్చినప్పుడు, గొడవలో ఉన్న సరుకు కంపెనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లి దాన్ని ఆపించింది. ఆ అధికారం హైకోర్టుకి ఉందని 1992లో సుప్రీం కోర్టు తేల్చింది. ఇప్పుడు సముద్ర చట్టం చదివే ప్రతి స్టూడెంటూ ఆ కేసు చదవాల్సిందే.

సరే, చివరికి మనం ఏం చేయాలి? మూడు పనులు. ఓడ మీద ఏం పంపినా, సోఫా అయినా పచ్చడి జాడీలైనా, మెరైన్ కార్గో ఇన్సూరెన్స్ తీసుకోండి. అంతర్జాతీయంగా వాడే కార్గో క్లాజుల్లో అన్నిటికన్నా తక్కువ కవర్ ఇచ్చే సీ రకంలో కూడా జనరల్ యావరేజ్ ఉంటుంది. రెండు, సామాను విలువకి బిల్లులు, ఫోటోలు దాచుకోండి, మీ వాటా లెక్కేసేది దాని మీదే. మూడు, ఎప్పుడైనా అలాంటి నోటీసు వస్తే భయపడి సంతకం పెట్టేయకండి, స్కామ్ అనుకుని డిలీట్ కూడా చేయకండి. ఇన్సూరెన్స్ వాళ్లకి పంపండి. ఏం జరిగింది, తెగిందా, తెంచారా, ఎందుకు తెంచాల్సి వచ్చింది అని అడగండి.

నాకైతే ఇదంతా చదివాక ఈ చట్టం మీద కోపం రాలేదు. అర్ధరాత్రి ఆ కెప్టెన్ "ఇంత ఖరీదైన లంగరు వదిలేస్తే మా ఓనరు ఏమంటాడో" అని ఒక్క నిమిషం ఆగితే, ఓడలో ఉన్న మనుషులతో సహా అంతా పోతుంది. వదిలెయ్, ఆ భారం నీ ఒక్కడిదే కాదు అని ముందే మాట ఇవ్వడమే ఈ రూల్. ఆ మాట నిలబడాలంటే ఒడ్డున ఉన్న మనం వాటా వేయాలి. అదే టైమ్‌లో, ఆ మాటని అడ్డం పెట్టుకుని సొంత నిర్లక్ష్యం బిల్లు మన మీద వేయకుండా ప్రశ్న కూడా అడగాలి. రెండూ కావాలి.

అక్కకి ఏం రిప్లై ఇచ్చానంటారా? "యావరేజ్ అంటే సగటు కాదక్కా. కావాలి అని టిక్ పెట్టు. వచ్చాక చెప్తా" అన్నాను. పెట్టింది. సామాను ఇంకా సముద్రం మీదే ఉంది. రోజుకి రెండుసార్లు ఓడ ఎక్కడుందో యాప్‌లో చూసి స్క్రీన్‌షాట్ పంపిస్తోంది.

మీ ఇంట్లో ఎవరైనా విదేశాల నుంచి సామాను పంపిస్తుంటే ఈ వీడియో వాళ్లకి ఫార్వర్డ్ చేయండి. షిప్పింగ్‌లో, పోర్టులో పనిచేసేవాళ్లు ఉంటే, ఎప్పుడైనా లంగరు వదిలేసిన రాత్రి మీకుంటే, కామెంట్స్‌లో రాయండి, నేను ప్రతిదీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై!